ఏ చెట్టుదిరా అది?

మట్టెవాడలో మా సందు ఎంత ఇరుకంటే ఎదురింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. అలాంటి సందులోకి ఆదివారం ఉదయం ఏడింటికల్లా మావారు స్కూటరు మీద ఒక స్టీలు క్యాను పెట్టుకుని, పాలు తెస్తున్నంత అమాయకంగా దిగబడతారు. పాల క్యానుకి మూత బిగించి ఉంటుంది. ఈ క్యానుకి మూత వదులుగా ఉంటుంది, చుట్టూ తడిగుడ్డ కప్పి ఉంటుంది. ఆ తేడా సందు మొత్తానికీ తెలుసు. తెలుసన్న సంగతి మావారికి మాత్రం తెలియదు.

ఆయన గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే వసారాలో మంచం మీంచి మా అత్తగారు కళ్ళు తెరవకుండా అడుగుతారు.

"ఏ చెట్టుదిరా అది?"

"పోద్దాడేనే అమ్మా."

"పోద్దాడే. గని రాత్రి లొట్టిల మిగిలింది కలిపిండు. నిన్ను చూసి మెత్తనోడనుకున్నడు."

ఆవిడ ముక్కు ముందు మావారు ఇప్పటికీ నాలుగో తరగతి పిల్లాడే. క్యాను పుచ్చుకుని తల వంచుకుని వంటింట్లోకి వస్తారు.

అవునండీ, కల్లు గురించే చెబుతున్నాను. పత్రిక మూసెయ్యకండి. మీకంటే ముందు మూసేసిన మనిషిని నేను.

నేను పుట్టింది బందరులో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా అమ్మ ఆ వార్తలన్నీ కత్తిరించి, నా లెక్కల నోటుబుక్కులో అంటించింది. 1993లో సారా నిషేధం వచ్చినప్పుడు ఇంట్లో పాయసం వండింది. 1995లో మద్యనిషేధం పూర్తిగా వచ్చినప్పుడు మళ్ళీ వండింది. 1997లో దాన్ని ఎత్తేసినప్పుడు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మా వీధి చివర ఒక తాగుబోతు ఇల్లుండేది. రాత్రిపూట ఆ ఇంట్లోంచి వినిపించిన చప్పుళ్ళు నేను ఇంకా మర్చిపోలేదు. మొదటి మూడు నవలల్లోనూ నా విలన్లందరూ తాగుతారు. నాలుగో దాంట్లో ఒక మంచివాడి చేత అరగ్లాసు తాగిస్తే ఎంతమంది పాఠకురాళ్ళు ఉత్తరాలు రాశారో! వాళ్ళని తప్పు పట్టను. రాసింది నేను కాకపోతే నేనూ రాసేదాన్ని.

అలాంటిదాన్ని 2003లో పెళ్ళి చేసుకుని మట్టెవాడ వచ్చాను. వచ్చిన పదోరోజు సాయంత్రం కాఫీ తాగుతావా అని అత్తగారు పిలుస్తున్నారేమోనని వసారాలోకి వెళితే, ఆవిడా మామగారూ చెరొక గ్లాసు ముందు పెట్టుకుని, మధ్యలో ఒక పళ్ళెంలో గుడాలు, అంటే తాళింపు వేసిన ఉడికించిన శనగలు పెట్టుకుని, ఎరువుల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. గ్లాసుల్లో పాలల్లే తెల్లగా ఏదో ఉంది. "కూచో బిడ్డా, తాగుతవా?" అన్నారు మామగారు. ఏమిటని అడిగాను. చెప్పారు. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకుని అమ్మకి ఉత్తరం మొదలుపెట్టాను. ఉత్తరం మూడు పేజీలు వచ్చింది. పోస్టు చెయ్యలేదు. ఎందుకంటే మర్నాడూ ఆ మర్నాడూ చూశాను. కేకల్లేవు, తూలడాల్లేవు, గాజులు పగలడాల్లేవు. రోజూ ఒక గ్లాసు, గుడాలు, ఎరువులు, అంతే. ఇక్కడ బోనాలకి అమ్మవారికి కల్లు సాక పోస్తారు. దేవతకి పోసేదాన్ని దాచుకు తాగాలన్న ఆలోచన వాళ్ళకి పుట్టలేదు. నా వైపు నుంచి ఏమాటకామాట చెప్పుకోవాలి కదా, మా బందరులో దాచుకు తాగేవాళ్ళని చూశానుగాని, ఇలా ఆలుమగలు ఎదురెదురుగా కూర్చుని తాగడం చూడలేదు.

మామగారు పోయాక అత్తగారు తాగడం దాదాపు మానేశారు. ఎప్పుడైనా రెండు గుటకలు. కానీ వాసన చూసి చెప్పడం మాత్రం మానలేదు.

మావారిదొక సభ. సభ్యులు నలుగురు. మావారు కాక ఒక రిటైరైన బ్యాంకాయన, ఒక బోటనీ మాస్టారు, కొత్తవాడలో దర్రీల వ్యాపారం చేసే ఇంకొకాయన. (వరంగల్ దర్రీలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఈయన ఏది మాట్లాడినా "గుర్తింపు ఉన్నదా?" అని మొదలుపెడతారు.) శనివారం రాత్రి వీళ్ళ ఫోన్లు వినాలి మీరు. ఆడపిల్ల సంబంధం వెతుకుతున్నట్టే ఉంటుంది.

"వర్ధన్నపేట దిక్కు ఒకటున్నదట. మంచిదేనట గని కొద్దిగ వగరు."

"పోయినవారం నీవు చెప్పింది నోట్ల తియ్యగనే ఉండె, గొంతు దిగినంక ఏమి లేదు. మాటకారి పిలగాని లెక్క."

"మా మరదలు వాళ్ళ ఊర్ల చెట్టు చూడు. ముందు పులుపు, ఎనుక తీపి. ఉల్టా!"

మొదట్లో నవ్వొచ్చేది. తరవాత ఎక్కడో విన్నట్టనిపించేది. ఎక్కడో కాదు, మా పుట్టింట్లోనే. మా పెద్దత్తయ్య కాఫీ గురించి అచ్చం ఇలాగే మాట్లాడేది. డికాక్షన్ మొదటిదా, రెండోదా, చికోరీ ఎంత, గింజ ఎవరి కొట్లోది, వేయించి ఎన్నాళ్ళయింది అని పేరంటాల్లో గంటలు గంటలు చర్చ. చికోరీ సగం కలిపే ఇంట్లో పిల్లనివ్వనని ఒకసారి మంచి సంబంధం వదులుకుంది కూడా. అది రసికత, ఇది తాగుడు అని నేను గీసుకున్న గీత అప్పుడే కాస్త చెరిగింది.

బోటనీ మాస్టారు నాకు పాఠం చెప్పారు. ఈయనకి క్లాసు చెప్పకుండా కల్లు దిగదు. తాడికి పూతగెల కొసని రోజూ సన్నగా గీస్తారట. ఈతకైతే చెట్టు మెడ దగ్గర చెక్కుతారట. కారే నీరు కారేటప్పుడు వట్టి తీపి. లొట్టిలో పడ్డ క్షణం నుంచే గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో నూటికి నాలుగైదు పాళ్ళు ఆల్కహాలు. అంటే బీరు పాటి. పొద్దున తీపి, మధ్యాహ్నానికి తీపీ పులుపూ సమానం, మాపటికి పులుపు, మర్నాటికి వెనిగర్.

"అందుకే చెల్లెమ్మా, దీనికి లేబులు అంటించలేం. అంటించి జిగురు ఆరేలోపల అది ఇంకోటి అయితది" అన్నారు మాస్టారు.

మగతాడిది పోద్దాటి కల్లు, ఆడతాడివి పరుపుతాడు, పండుతాడు. పోద్దాడు చలికాలపుది, తేలిక. పండుతాడు చిక్కన, దానికి వేరే భక్తులున్నారు. ఏజెన్సీ వైపు వెళ్ళొచ్చినవాళ్ళు జీలుగు కల్లు గురించి చెబుతుంటే, కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళ మాటలు విన్నట్టు మిగతావాళ్ళు నోరు తెరుచుకు వింటారు. బ్యాంకాయన మాత్రం ఏ రుచి చర్చనైనా చివరికి చరిత్రలోకి లాగుతారు. ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న కల్లుగీసే కులంవాడు. కోట కట్టుకుని మొగలాయిలని ఎదిరించి, 1708లో ఈ ఓరుగల్లునే కొల్లగొట్టాడు. రిచర్డ్ ఈటన్ అనే అమెరికా చరిత్రకారుడు దక్కన్ చరిత్రని ఎనిమిదిమంది జీవితాల్లో చెబుతూ 2005లో పుస్తకం వేస్తే అందులో ఒకరు పాపన్న. "మనం తాగేది చిల్లర సరుకు కాదు" అని ముగిస్తారాయన. నేను బి.ఏ.లో చరిత్ర చదివాను గాని, ఎవరూ ఇంత సంతోషంగా చెప్పలేదు.

మా మరిది కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. వాడికీ ఒక సభ ఉంది. తెలంగాణలో మైక్రోబ్రూవరీలకి 2015లో నిబంధనలు వచ్చాక, నగరంలో అక్కడే బీరు కాచి అక్కడే పోసే హోటళ్ళు వెలిశాయి కదా, వాడూ వాడి స్నేహితులూ వారానికొకటి తిరిగి మార్కులు వేసుకుంటారు. ఒకసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు మమ్మల్నందరినీ భోజనానికి అలాంటి చోటుకి తీసుకెళ్ళాడు. అత్తగారిని ఇంట్లో ఒంటరిగా వదల్లేం కనక ఆవిడా వచ్చారు. అంత పెద్ద రాగి పీపాలు అద్దాల వెనక చూసి "బెల్లం వండుతున్నరా?" అన్నారు.

ఒక చెక్క మీద అయిదు బుల్లి గ్లాసులు పెట్టి తెచ్చారు. మా అబ్బాయి ఒక్కొక్కటీ పరిచయం చేశాడు. ఇది గోధుమ బీరు, ఇది హాప్స్ పువ్వు చేదు బాగా ఉన్నది, ఈ నల్లది స్టౌటు, మాడ్చిన గింజ వల్ల కాఫీ వాసన. నేనా? మీతో అబద్ధమెందుకు, కాఫీ వాసనన్నాడు గనక ఆ నల్లదాన్ని నాలుకకి తగిలించాను. మా పెద్దత్తయ్య అయితే చికోరీ ఎక్కువైందని వెనక్కి పంపించేది. అత్తగారు మాత్రం గోధుమ బీరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తాగకుండానే, "అరటిపండు ఏసిన్రా? లవంగం ఏసిన్రా?" అన్నారు.

వాడు నిర్ఘాంతపోయాడు. అవేవీ వెయ్యరట, ఆ రకం ఈస్టు వల్లనే ఆ వాసనలు వస్తాయట. వాడికి ఆ సంగతి పట్టుబడడానికి ఆరు నెలలు పట్టిందట.

"ఎవరు కాచిన్రు దీన్ని?" అన్నారావిడ.

ఎవరో. వాడికి తెలియదు. అడిగితే పోసే కుర్రాడికీ తెలియదు.

"కాచినోడు ఎవలో తెల్వకుంట మార్కులెట్లేస్తవు బిడ్డా?"

వాడు నవ్వేశాడు. 2023 మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచాక, నాన్నమ్మ కోసమని ఒకసారి అక్కడికీ తీసుకెళ్ళాడు. నీరా అంటే పులియనివ్వని తాటినీరు. ఆవిడ తాగి, "మంచిగనే ఉన్నది. గని ఇది కల్లు కాదు, కల్లు చిన్నప్పుడు" అన్నారు.

ఇంతవరకూ సరదాగానే నడిచింది. తరవాత 2025 జూలై వచ్చింది. కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొంతమంది చనిపోయారు. ఎంతోమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆల్ప్రజోలం అనే నిద్రమాత్ర మందు కలిపారని పేపర్లో చదివాను. ఇది కొత్తేం కాదు. 2015లో నిజామాబాదు, మెదక్ వైపు కల్తీ దుకాణాల మీద కట్టడి పెడితే, ఆ మందుకి అలవాటుపడ్డ మనుషులు అది లేక ఫిట్స్ వచ్చి, పిచ్చిచూపులు చూస్తూ ఆస్పత్రుల ముందు బారులు తీరారు. చెట్లు తగ్గాయి, తాగేవాళ్ళు తగ్గలేదు. ఉన్న రెండు లొట్లని ఇరవై చెయ్యాలంటే నీళ్ళు కావాలి, నీళ్ళకి తెలుపూ తీపీ మత్తూ కావాలి. ఆ లెక్క తేలిక. ఆస్పత్రి గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్ళ ఫొటో చూసినప్పుడు మా అమ్మ నోటుబుక్కు గుర్తొచ్చింది.

ఆ పేపరు మావారి ముందు పెట్టి, "ఈ ఇంట్లోకి ఇక క్యాను రాకూడదు" అన్నాను. మావారు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సభ తనంతట తనే రద్దయింది. దర్రీలాయన ఆదివారాలు గుడికి వెళ్ళడం మొదలెట్టారు. బోటనీ మాస్టారు చిరుధాన్యాల గురించి పాఠాలు మొదలెట్టారు, అదొక బాధ.

ఆ చలికాలం అత్తగారికి విషజ్వరం వచ్చింది. పన్నెండు రోజులు. జ్వరం తగ్గింది గాని తిండి తగ్గిపోయింది. కూరలో ఉప్పు లేదనేవారు. వేశాను. ఇంకా లేదన్నారు. ఇంకా వేశాను. మావారు ఒక ముద్ద తిని లేచి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగొచ్చారు. మర్నాడు చింతపండు పులుసు నోట్లో పోసుకుని "వేడినీళ్ళా?" అని అడిగారు. అప్పుడు అర్థమైంది నాకు. అరటిపండూ లవంగమూ విడదీసిన ఆ ముక్కూ నాలుకా రెండూ పోయాయి. డాక్టరు గారు తిరిగి రావచ్చన్నారు, ఈ వయసులో చెప్పలేమనీ అన్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి రోజుకి నాలుగు ముద్దలకి దిగింది. బుగ్గలు లోపలికి పోయాయి. "ఏది పెట్టినా మట్టే. ఎందుకు నమలాలె?" అనేవారు.

ఒకరోజు మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "ఇంత పోద్దాటి కల్లు తెప్పియ్యి బిడ్డా" అన్నారు.

నేను కూకట్‌పల్లి చెప్పాను. ఆల్ప్రజోలం చెప్పాను. దూబగుంట కూడా చెప్పాననుకుంటాను. ఆవిడ అంతా విని, "తాగెటందుకు కాదే. నాలికె సచ్చిందా బతికిందా, దాంతోనె ఎరుకైతది" అన్నారు.

డాక్టరు గారికి ఫోను చేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. రక్తపోటు మాత్రలున్నాయి కనక రెండు గుటకలు దాటకూడదన్నారు. "మందు కలిసింది కాకుండా ఎక్కడ దొరుకుతుందో మాత్రం నన్నడక్కండి" అని నవ్వారు.

ఎవర్నడగాలి? సభని పిలిపించాను. నేనే. మావారు నన్ను వింతగా చూశారు. నలుగురూ వసారాలో కూర్చున్నారు. సంగతి చెప్పాను. చెప్పడమే తడవు, ఆర్నెల్ల ఉపవాసం ఒక్కసారి విడిచినట్టు సిఫార్సులు మొదలయ్యాయి. ఫలానా మండువా అని ఒకరు, అది పోయినేడు చేతులు మారిందని ఇంకొకరు, తన దగ్గర ఇరవయ్యేళ్ళ నుంచి నమ్మకమైన మనిషున్నాడని మూడోవారు. గొంతులు పెరిగాయి. సందులో కిటికీలు తెరుచుకున్నాయి.

నాకు విసుగొచ్చి, "మీ అమ్మగారికైతే ఎక్కడినుంచి తెచ్చి పోస్తారు?" అన్నాను.

నిశ్శబ్దం. బ్యాంకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మండువాది వద్దులెండి" అన్నారు మెల్లగా. "నా మనిషి మంచోడే గని, ఆయనకు వేరేవాడు తెచ్చిస్తడు" అని మూడోవారు తప్పుకున్నారు. అరగంట కిందట పది పేర్లున్నాయి. ఒక్కొక్కటే రాలిపోయాయి. ఇరవయ్యేళ్ళుగా వీళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నవన్నీ రుచికి సిఫార్సులు. ప్రాణానికి పూచీ పడమంటే ఒక్కడూ ముందుకు రాలేదు.

చివరికి, ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని దర్రీలాయన నోరు విప్పారు. "ఒకటున్నది. ధర్మారం దాటినంక, నర్సంపేట రోడ్డు నుంచి లోపటికి పోవాలె. ఆయన అమ్ముకునేది తక్కువ. రుచి కూడ మరీ ఏం గొప్పగుండది. గని మన కండ్ల ముందట ఎక్కి, మన కండ్ల ముందట దించుతడు. మా అమ్మ పోయేదాంక అదే పోసిన."

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. మావారూ, దర్రీలాయనా, నేనూ. నేనెందుకని మావారు అడిగారు. చూడాలన్నాను. పొగమంచులో పొలం గట్టు పక్కన పదీ పదిహేను తాళ్ళు. గౌడన్న అప్పటికే మోకు భుజాన వేసుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాయన చెట్టు మీంచి పడే పోయాడట. కొడుకు చెట్టెక్కనని హైదరాబాదులో క్యాబు నడుపుతున్నాడు. నడుముకి మోకూ ముస్తాదుతో పాటు కొత్త బెల్టులు కనిపిస్తే అడిగాను. 2024లో సర్కారు ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచమట. "అలవాటు లేదమ్మా, బరువనిపిస్తది. మా ఆమె ఊకోదు. ఇది కట్టుకోకపోతే అన్నం పెట్టనన్నది" అన్నాడు. ఆవిడని చూడలేదు గాని నాకు చాలా నచ్చింది.

"ఎవరికమ్మా కల్లు?"

మా అత్తగారికని చెప్పి, జ్వరం సంగతీ నాలుక సంగతీ చెప్పాను. ఎక్కబోతున్న చెట్టు వదిలేసి, మూడు చెట్లవతలికి నడిచాడు. "దానిది ఘాటు. పెద్దమనుషులకు ఇది మంచిది" అని పైకి పోయాడు. మనిషి అంత ఎత్తున పోతుంటే చూడడం తేలిక్కాదు. దించేదాకా నేను ఊపిరి పూర్తిగా తీసుకోలేదు. లొట్టి దించి నా ముందే వడకట్టాడు. అందులో రెండు చీమలూ ఒక ఈగా ఉన్నాయి. ఎప్పుడూ లేనంత సంతోషంగా చూశాను ఆ ఈగని.

"చూడుండ్రి" అని తాటాకు మడిచి దొప్ప చేసి నాకందించాడు. నేను మావారి వైపు చూశాను. ఆయన పొలం వైపు చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళ తరవాత, నలుగురు విలన్లని సృష్టించినదాన్ని, దొప్ప నోటికి పెట్టుకుని తాగాను.

డబ్బు ఎంతంటే, "ముసలమ్మకు రెండు గుటకలేనంటిరి, దానికేం తీసుకుంట" అన్నాడు. మేం ఇచ్చాం. మూత బిగించొద్దని రెండుసార్లు హెచ్చరించాడు. లోపల గాలి పుడుతూనే ఉంటుందట, బిగిస్తే పేలుతుందట. నేను ఒలికిపోతుందేమోనని, దారిలో ఎవరూ చూడకుండా, కొంచెం బిగించాను. ధర్మారం దగ్గర గతుకు రాగానే మూత ఎగిరి కారు పైకప్పుకి తగిలింది. దర్రీలాయన తెల్లచొక్కా, మావారి కళ్ళజోడు, నా చేతిసంచీలో ఉన్న సీరియల్ ఇరవై మూడో భాగం అన్నీ తడిశాయి. క్యానులో అడుగున గ్లాసున్నర మిగిలింది. మగవాళ్ళిద్దరూ మాట్లాడలేదు. మర్యాదస్థులు.

ఇంటికొచ్చాం. వసారాలోంచి ప్రశ్న వస్తుందని గుమ్మంలో ఒక్క క్షణం ఆగాను. రాలేదు. వాసన తెలియడం లేదు కదా. కారంతా, మేమంతా కల్లువాసన కొడుతున్నా ఆవిడ గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. ఆ రోజు మొత్తంలో నాకు కష్టంగా తోచింది అదొక్కటే.

లేపి కూర్చోబెట్టి చిన్న గ్లాసులో పోసిచ్చాను. ఒక గుటక తీసుకుని నోట్లో ఉంచుకున్నారు. మింగారు. మేం నలుగురం ఆవిడ మొహం చూస్తున్నాం. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూస్తోంది.

"గుచ్చింది" అన్నారు అత్తగారు.

"ఏమిటత్తమ్మా?"

"నాలికె మీద సన్నగ సూదులు గుచ్చినట్టు. అది తెల్సింది. తీపి తెల్వలే. పులుపు తెల్వలే." గ్లాసు నా చేతిలో పెట్టారు. "నువ్వు తాగి చెప్పు ఎట్లున్నదో."

ఇంతమంది ముందా! మావారు మళ్ళీ ఎటో చూశారు. తాగాను. నేను నవలా రచయిత్రిని కదా, మాటలకేం తక్కువ. వెన్నెల అన్నాను, మంచు అన్నాను, పల్లె ఉదయం అన్నాను.

"గది కాదు. సరిగ చెప్పు. ముందు తీపా, ఎనుక తీపా?"

ఇంకో గుటక వేశాను. కళ్ళు మూసుకున్నాను. "ముందు తీపి. లేతకొబ్బరి నీళ్ళ పాటి. వెంటనే పోతుంది."

"పోయినంక?"

"పులుపు. చింతపులుపు కాదు. మజ్జిగ... మొదటిపూట మజ్జిగ."

"గొంతుల?"

"చివర కొంచెం వగరు. జామపిందె కొరికినట్టు."

ఆవిడ ఆ మూడూ వరసగా లోపల పెట్టుకుంటున్నట్టు కాసేపు కదలకుండా కూర్చున్నారు. తరవాత రెండో గుటక తాగారు. ఈసారి నింపాదిగా. "ఊఁ. లేతచెట్టు. పొద్దుగాల గీసిందే, రాత్రిది కలపలే" అన్నారు. ఆవిడకి తెలిసే చెప్పారో, నా మాటల మీద కట్టి చెప్పారో నాకు తెలియదు. తరవాత, "ఇంత పచ్చిపులుసు చెయ్యి. అన్నం తింట. ఎట్లున్నదో పక్కన కూచొని చెప్పు" అన్నారు.

ఆ పూట పది ముద్దలు తిన్నారు. నేను పక్కన కూర్చుని, ఉల్లిపాయ ఇప్పుడు, పచ్చిమిర్చి ఇప్పుడు, కొత్తిమీర అడుగున ఉంది అని చెబుతూనే ఉన్నాను. ఇప్పటికీ పూటపూటకీ ఇదే పని. కందిపప్పు గురించి మాటలు వెతుక్కోవడం ఎంత కష్టమో సీరియల్ రాసినన్నాళ్ళూ నాకు తెలియలేదు. మొన్న కాకరకాయ కూరకి "చేదుగా ఉంది" అని ఊరుకుంటే, "కాకరకాయ చేదుంటదని చెప్పెతందుకు నువ్వు బి.ఏ. చదివినవా?" అని అడిగారు.

సభ మళ్ళీ మొదలైంది. ఒకే చెట్టు, ఎక్కేటప్పుడు ఒకరు తప్పనిసరిగా అక్కడుండాలన్న షరతు నాది. పోద్దాళ్ళు ఇంకో రెండు వారాల్లో అయిపోతాయని గౌడన్న కబురు పంపాడు. ఆ పైన పరుపుతాళ్ళట. బ్యాంకాయన పరుపుతాటికి ఇంకోచోట మంచి మనిషున్నాడని, తను పూచీ అని, వాళ్ళ అమ్మగారి ఫొటో మీద ఒట్టేసి మరీ చెబుతున్నారు. అత్తగారు అంతా విని నా వైపు తిరిగారు.

"ఆదివారం నువ్వు పోయి చూసి రా. ఎక్కేటోని మొఖం ఎట్లున్నదో కూడ చెప్పాలె."